తెల్లకోడి కడుపులో చిక్కుకున్న నా పెళ్లి

మీరు అన్నం ముందు కూర్చొని ఇది చదువుతున్నట్లయితే దయచేసి పుస్తకం పక్కన పెట్టండి. తినండి, చేయి కడుక్కోండి, వక్కపలుకు నోట్లో వేసుకొని కాసేపు ఆగి అప్పుడు చదవండి. ముందుగా ఇలా హెచ్చరించే మర్యాద నాకు ఈ వయసులో అబ్బింది. ఆ రోజుల్లోనే అబ్బి ఉంటే, పిల్లనిద్దామని మా ఇంటికి వచ్చిన పెద్దమనిషి పొట్ట పట్టుకొని గడ్డివాము వెనక్కి ఉరికేవాడు కాదు. ఒక్కడి తెలివితేటల వల్ల ఒక ఇంటి మీదికి ఎంత ఉపద్రవం వస్తుందో చూడాలనుకునే గుండె గలవాళ్లు మాత్రం ఆగకుండా చదువుకోవచ్చు.

అవి అరవైల నాటి రోజులు. మాది కల్వకుర్తి పక్కన చిన్న ఊరు. జొన్న, ఆముదం, పల్లికాయ తప్ప వేరేది పండని ఎర్ర చెలకలు. నాకు చెలక మీద కంటే చదువు మీద, చదువు మీద కంటే గొప్పలు చెప్పుకోవడం మీద మక్కువ ఎక్కువ. మెట్రిక్ ఎలాగో గట్టెక్కాక, హైదరాబాదులో కోళ్ల పెంపకం నేర్పుతున్నారని విని వెళ్లి నేర్చుకొని వచ్చాను. వచ్చేటప్పుడు బస్సు మీద అట్టపెట్టెల్లో కోడిపిల్లలు, సంచిలో ఒక సన్నకత్తి, ఒక భూతద్దం, తలలో ఊరందరికీ పంచినా మిగిలేంత గర్వం వెంట తెచ్చుకున్నాను.

ఇప్పుడు బ్రాయిలర్ అంటే పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అప్పుడు మా ఊళ్లో ఆ మాట ఎవరూ విని ఎరగరు. తెల్లకోళ్లు అనేవాళ్లు, అంతే. కోడి అంటే పెంటకుప్ప మీద తన తిండి తానే ఏరుకొని, పొద్దుగూకే వేళకు తానే వచ్చి గంప కింద దూరేది అని వాళ్లకు తెలుసు. దానికి రేకుల షెడ్డు వేసి, కింద మెత్తగా పల్లిపొట్టు పరిచి, పళ్లెంలో దాణా పోసి, మాంసం కోసమే పుంజుపిల్లలను పెంచి పట్నం పంపుతానని నేనంటే జనం పనులు మానుకొని వచ్చి చూశారు. కోళ్లకు అత్తగారిల్లు కడుతున్నాడని నవ్వారు. నేను పట్టించుకోలేదు. భూతద్దం ఉన్నవాడు లేనివాళ్ల మాట ఎందుకు పట్టించుకుంటాడు?

శిక్షణలో నాకు అన్నిటికంటే నచ్చిన పాఠం పురుగులది. కోడి బాగా తింటున్నా ఒళ్లు చేయడం లేదంటే ఒకదాన్ని కోసి, పేగు నిలువునా చీల్చి చూడమని మా సారు నేర్పారు. పురుగుల గుడ్లు రెట్టలో పడతాయి. పొట్టు తడిగా ఉంటే అందులోనే పక్వానికి వస్తాయి. ఇంకో కోడి వాటిని గింజతో పాటు ఏరుకొని మింగుతుంది. కాబట్టి పొట్టు ఎప్పుడూ పొడిగా ఉండాలి, రోజూ తిరగవేయాలి, ఊరకోళ్లను షెడ్డు గడప తొక్కనీయకూడదు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా అప్పజెప్పేవాణ్ని.

మొదటి జట్టు కోళ్లు ఎదిగాక కోసి చూస్తే ఒక్క పురుగు కూడా కనిపించలేదు. ఇక నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు. హోటల్లో చెప్పాను, మంగలి ముందు తల వంచి కూర్చొని చెప్పాను, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని వాళ్లకు చెప్పాను. కోడి కడుపులో పురుగులు ఉంటాయన్న సంగతే తెలియని జనానికి ముందు ఉంటాయని చెప్పి భయపెట్టి, తరువాత నా కోళ్లకు లేవని చెప్పి ధైర్యం ఇచ్చేవాణ్ని. అది చాలక షెడ్డు తలుపు మీద సున్నంతో పెద్ద అక్షరాలు రాశాను: పురుగులు లేని కోళ్లు. ఆ తలుపును జ్ఞాపకం పెట్టుకోండి.

ఇంత గొప్పవాడికి పిల్లనిచ్చే వాళ్లు మాత్రం దొరకలేదు. వచ్చిన సంబంధాలన్నీ షెడ్డు దాకా వచ్చి వెనక్కి పోయేవి. "ఎడ్లను గాసేటోనికి ఇస్తం, గొర్లను గాసేటోనికి గూడ ఇస్తం, కోళ్లను గాసేటోనికి ఎట్ల ఇస్తం" అని ఒక పెద్దమనిషి మా నాయిన మొహం మీదే అన్నాడు. నాయిన ఆ మాట మనసులో పెట్టుకొని చాలా రోజులు సరిగా అన్నం తినలేదు. అమ్మ షెడ్డు వైపు చూసి నిట్టూర్చేది.

అలాంటి రోజుల్లో దేవరకొండలో ఒక చుట్టాల పెళ్లికి వెళ్లాను. అక్కడ బంతిలో నీళ్లు పోస్తున్న ఒక అమ్మాయి నా దగ్గర ఆగింది. కోళ్లాయన అంటే నువ్వేనా అని అడిగింది. అయిపోయింది, ఇక నవ్వుతుంది అనుకున్నాను. ఆమె నవ్వలేదు.

"తెల్లకోళ్లు పొదుగయంట గదా. మరి పిల్లలకు తల్లెవరు?" అంది.

ఇంత కాలంలో నన్ను కోళ్ల గురించి తెలుసుకోవాలని అడిగిన మొదటి మనిషి ఆమె. "కందిలి వెట్టి, దాని వేడికి నేనే సాకుత" అన్నాను. "అయితే తల్లివి నువ్వే అన్నట్టు" అని, అప్పుడు నవ్వి, చెంబుతో పక్క విస్తరికి పోయింది. ఆమె పేరు యాదమ్మ. నేను ఆ రోజు ఏం తిన్నానో నాకు జ్ఞాపకం లేదు.

ఊరికి వచ్చాక అమ్మతో నాయినకు చెప్పించాను. మధ్యవర్తి కదిలాడు. నాకు మాత్రం షెడ్డు మీద ధ్యాస పోయింది. పొట్టు తిరగవేయాల్సిన వేళ గడప మీద కూర్చొని, ఆమె మళ్లీ అడిగితే ఇంకా బాగా ఏం చెప్పాలా అని జవాబులు కూర్చుకునేవాణ్ని. ఆ ఏడు వానలు ముందే దిగాయి. తూర్పు మూల రేకు కారడం మొదలైంది, రేపు చూద్దాంలే అనుకున్నాను. అమ్మ ఊరకోడి ఒకటి పిల్లలను వెంటేసుకొని షెడ్డులో దూరి నా దాణా తినసాగింది. తోలుదామంటే, "పిల్లల తల్లిరా, ఎట్ల ఎల్లగొడ్తవు" అని అమ్మ అడ్డం వచ్చింది. నేనూ ఊరుకున్నాను. తెల్లకోళ్లు మేస్తున్నాయి కానీ తూగడం లేదు. దాణాలో ఏదో లోపం ఉందనుకొని దాణా మార్చాను. తలుపు మీద రాసింది నేనే కాబట్టి, లోపల పురుగులు ఉండవచ్చన్న ఆలోచన నాకు కలలో కూడా రాలేదు.

యాదమ్మ వాళ్లు ఇల్లు చూడడానికి వస్తున్నామని కబురు పెట్టారు.

ఇల్లు చూపులంటే ఏమిటో మా వైపు వాళ్లకు చెప్పనక్కరలేదు. ఉన్నది చూపించాలి, లేనిది తెచ్చి చూపించాలి. ఆ ఏడు మా ఎడ్లలో ఒకటి చచ్చిపోయి, రెండోది అమ్ముడుపోయి, కొట్టం ఖాళీగా ఉంది. నాయిన పక్కింటి సాయిలు కాకను బతిమాలి అతని ఎడ్లను తెచ్చి మా కొట్టంలో కట్టేశాడు. బడి నుంచి కుర్చీలు వచ్చాయి. మా అన్న భార్య, వదిన పుట్టింటి నుంచి ఇత్తడి బిందెలు వచ్చాయి. అమ్మ పొద్దున్నే సేమియా పాయసం వండి, మాట కుదిరినప్పుడు అందరి నోరు తీపి చేయడానికని మూత పెట్టి పక్కన ఉంచింది. ఆ గిన్నె మీద మా అమ్మ పెట్టుకున్న ఆశ ఎంతో నాకు తెలుసు. కుదరని సంబంధాలన్నిటికీ ఆమె పాయసం వండింది, ప్రతిసారీ అది మేమే తాగాము.

గొడవ కూర దగ్గర వచ్చింది. అమ్మ తన ఊరపుంజును కోస్తానంది. కొత్త చుట్టాలకు తెల్లకోడి పెడితే నవ్విపోతారంది. నేను ససేమిరా అన్నాను. పెంచేది నేను, పెట్టేది వేరే కోడా అని వాదించి గెలిచాను. గెలిచి తెల్లకోళ్లను కోయించాను. ఎవరో ఒకరు ఆ పేగులను చీల్చి చూసినా నా గండం అక్కడే గడిచేది. వదిన వాటిని చూడకుండానే గంపలో వేసి తీసుకుపోయి పెంటలో పారేసి వచ్చింది.

వాళ్లు వచ్చారు. యాదమ్మ నాయిన నర్సయ్య, ఆమె మేనమామ మల్లయ్య, ఆమె నాయనమ్మ. నర్సయ్య మాట తక్కువ మనిషి. మల్లయ్య మిగతా వాళ్ల వంతు కూడా తానే మాట్లాడే మనిషి. అవ్వ మాత్రం ఆ ఇంటి పెద్ద. ఆమె ఊ అంటేనే పెళ్లి అని మధ్యవర్తి ముందే చెప్పాడు. బక్కపలచని ముసలామె, పొడుగాటి ముక్కు, చేతిలో కర్ర.

నాయిన ముందుగా కొట్టం చూపించాడు. మా బసవడు, మా నల్లోడు అని ఎడ్లను పరిచయం చేశాడు. బసవడా అని పిలిచినా ఆ ఎద్దు నాయిన వైపు చూడనైనా చూడలేదు. గోడ అవతల సాయిలు కాక దొడ్డి వైపు మెడ చాచి దీనంగా అరిచింది. ఎండకు తాళలేకపోతోందని నాయిన అన్నాడు. అవునని అవ్వ తల ఊపింది. తరువాత షెడ్డు చూశారు. మల్లయ్య తలుపు మీది అక్షరాలు కూడబలుక్కొని చదివి, నా వైపు ఒకసారి చూశాడు.

భోజనాలు బాగా జరిగాయి. అమ్మ చేతి కారం అలాంటిది. కందనకాయ, కార్జం మల్లయ్య విస్తట్లో పడ్డాయి, ఆయన తృప్తిగా తిన్నాడు. తెల్లకోడైనా కూర కమ్మగా ఉందన్నాడు. నర్సయ్య రెండోసారి వేయించుకున్నాడు. అరుగు మీద చాపలు పరిచి, తమలపాకులు పెట్టి అందరం కూర్చున్నాము. అవ్వ స్తంభానికి ఆనుకొని కళ్లు మూసుకుంది. లోపలి నుంచి యాలకుల వాసన వస్తోంది. ఇంకో పది మాటలు పద్ధతిగా జరిగి ఉంటే పాయసం బయటికి వచ్చేది. అప్పుడు మల్లయ్య నోరు తెరిచాడు.

"ఏం పిలగా, తలుపు మీద రాసినవు గదా. పురుగులు లేని కోళ్లంటే, పురుగులున్న కోళ్లు గూడ ఉంటయా?"

ఇక నేను ఆగుతానా? పెంటకుప్ప మీద మేసే ఊరకోడి కడుపులో ఏముంటాయో, అవి ఎలా చేరతాయో, ఎంత పొడుగు పెరుగుతాయో అన్నీ చెప్పాను. అప్పుడే భోంచేసిన పెద్దమనుషులకు, తాంబూలం వేసుకుంటున్న వాళ్లకు, చేతులతో కొలత పెట్టి మరీ చెప్పాను. నా కోళ్లు శుభ్రమైన పొట్టు మీద పెరిగినవి కాబట్టి ఒక్కదానికి కూడా లేవని ముగించాను.

"లేవని నీకెట్ల ఎర్క? కడుపులకెళ్లి వచ్చినవా?" అన్నాడు మల్లయ్య.

అందరూ నవ్వారు. నాయిన కూడా నవ్వి, ఈసారి వానలెట్లున్నయి మీ దిక్కు అని మాట మార్చాడు. పాఠకులారా, అదే నాకు దొరికిన దారి. ఆ దారిన పోయి వానల గురించి మాట్లాడుకొని ఉంటే ఈ కథ లేదు. నేను లేచి నిలబడ్డాను.

"ఎందుకు కాకా, గిప్పుడే సూపిస్త" అన్నాను.

వద్దురా అని నాయిన కళ్లతో చెప్పాడు. నేను అప్పటికే షెడ్డులో ఉన్నాను. ఒక కోడిని పట్టుకొచ్చి, అరుగు కింది బండ మీద కోసి, పేగు తీసి, సారు నేర్పినట్టే నిలువునా చీల్చాను. అందరికీ కనపడాలని పక్కకు కూడా జరిగాను.

పేగు నిండా ఉన్నాయి. తెల్లగా, సన్నగా, ఒకదానికొకటి చుట్టుకొని కదులుతున్నాయి. అచ్చం ఉడికిన సేమియా. లోపలి నుంచి యాలకుల వాసన ఇంకా వస్తూనే ఉంది.

ఇప్పుడైనా బుద్ధిగలవాడు దాని మీద ఇంత మట్టి కప్పి, చేతులు కడుక్కొని వస్తాడు. నాకు మాత్రం పెళ్లి, చుట్టాలు, పాయసం అన్నీ ఒక్కసారిగా మరుపున పడ్డాయి. నా తలుపు మీది రాత ఒక్కటే జ్ఞాపకం ఉంది. ఇది తూర్పు మూలదనీ, అక్కడ రేకు కారుతుందనీ, ఒక్కదాన్ని చూసి మంద మొత్తాన్ని అనుమానించడం శాస్త్రం కాదనీ చెప్పి పడమర మూల నుంచి ఇంకోదాన్ని తెచ్చాను. దానిలో ఇంకా ఎక్కువ ఉన్నాయి.

నాకు పట్టుదల వచ్చింది. నాకు నచ్చిన వాటిని ఏరి తెస్తున్నానని ఎవరూ అనకూడదు కదా. "మామా, మీరే ఒకదాన్ని సూపెట్టున్రి" అని నర్సయ్యను షెడ్డు తలుపు దాకా తీసుకుపోయాను. ఆయన నోట్లో తాంబూలం ఉంది. మాట్లాడలేక, ఇక చాలని వేలు ఎత్తి ఊపాడు. ఆ వేలికి ఎదురుగా ఏ కోడి ఉందో దాన్ని పట్టుకొచ్చి కోశాను.

దానిలో ఏమీ కనిపించలేదు. నా సంతోషం ఏం చెప్పమంటారు. సూడున్రి, దీనికి లేవు అని పేగును అందరి ముందు తిప్పాను. శాస్త్రం శాస్త్రమే కాబట్టి భూతద్దం కూడా తెచ్చాను. కళ్లారా చూసుకొమ్మని మల్లయ్య చేతికిచ్చాను. ఆయన వంగి చూశాడు. కంటికి ఆనని పిల్లపురుగులు ఆ అద్దంలో ఎంతేసి కనిపించాయో తెలియదు కానీ, ఆయన భూతద్దం అక్కడే వదిలేసి గడ్డివాము వెనక్కి ఉరికాడు. అక్కడి నుంచి వినిపించిన చప్పుళ్లను నేను వర్ణించను. కందనకాయ, కార్జం రెండూ మా ఇంటి నుంచి వెళ్లిపోయాయని మాత్రం చెప్పగలను.

నర్సయ్య తాంబూలం ఉమ్మి నెమ్మదిగా అడిగాడు.

"మేం తిన్నయి?"

"గవి గూడ గీ షెడ్డువే మామా" అన్నాను. అబద్ధం ఆడడం నాకు అప్పటికి చేతకాదు. ధైర్యం చెబుదామని ఇంకా కలిపాను. పురుగు పేగులో ఉంటుంది కానీ కండలో ఉండదన్నాను. ఉడికాక ఏదీ బతకదన్నాను. బతకదన్న మాట వినగానే నర్సయ్య కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

అదే వేళకు లోపలి నుంచి అమ్మ గిన్నె, గ్లాసులు పట్టుకొని సంతోషంగా గడప దాటింది. బండ మీద చూసింది. చేతిలోని గిన్నెలోకి చూసింది. మళ్లీ బండ మీద చూసి, వెనక్కి తిరిగి లోపలికి పోయింది. మల్లయ్య మొహం తుడుచుకుంటూ వచ్చి, "బస్సుకు టైమయితాంది బావా, లేద్దాం" అన్నాడు. నాయిన చేతులు కట్టుకొని తల వంచుకొని నిలబడ్డాడు.

అప్పుడు నాకు తెలివి వచ్చింది. చేతిలో కత్తి ఉంది, మోచేతుల దాకా నెత్తురు ఉంది. ఏం చేశానో అప్పుడు చూసుకున్నాను. కుదరని సంబంధాల్లో ఇదొకటి అయి ఉంటే అంత బాధ ఉండేది కాదు. ఇది యాదమ్మ. తల్లివి నువ్వే అన్నట్టు అని నవ్విన మనిషి. లోపల అమ్మ ఏడుస్తోందని తెలుసు. ఆ బండ మీదే, కోళ్ల పక్కనే కూర్చుండిపోయాను.

"ఓ నాయినా" అని అవ్వ పిలిచింది. అంతసేపూ ఆమె స్తంభానికి ఆనుకొని అన్నీ చూస్తూనే ఉందన్న సంగతి అప్పటిదాకా ఎవరూ గమనించలేదు.

"గీ పురుగులు మా పెరట్ల కోళ్లకు గూడ ఉంటయా?"

"ఉంటయవ్వా. ఇంకా ఎక్కువనే ఉంటయి" అన్నాను. నా నోటిని అప్పటికి కూడా ఎవరూ ఆపలేకపోయారు.

"మరి నేను చిన్నప్పటి సంది తింటున్న. నాకేమైంది?"

"ఏం గాలేదవ్వా."

"వీటికి మందుందా?"

ఉందన్నాను. కల్వకుర్తి పశువుల దవాఖానలో ఇస్తారన్నాను. పొట్టంతా ఎత్తి పారబోయాలి, రేకు బాగు చేయాలి, అమ్మ కోడిని షెడ్డులోకి రానీయకూడదు. అన్నీ తెలుసునని, తెలిసీ చేయలేదని చెప్పాను. ఎందుకు చేయలేదని ఆమె అడిగింది. నేను తల వంచుకొని కత్తి తుడుచుకున్నాను. ఎందుకో ఆమెకు అర్థమైనట్టే ఉంది, మళ్లీ అడగలేదు.

కర్ర ఊతంతో లేచి అరుగు అంచుకు వచ్చి, కొడుకుతో అంది.

"నా లగ్గానికి ముందు మా నాయిన ఇల్లు సూడనీకె వోతె, మీ తాతోళ్లు పక్కింటోళ్ల ఎడ్లను దెచ్చి దొడ్ల గట్టి సూపిచ్చిన్రు. కాపురానికి పోయినంక దొడ్ల పేడ గూడ లేదు. ఊళ్లె అందరు మంచిది దెచ్చి ముంగట వెడ్తరు. గీ పిల్లగాడు తన కోళ్ల కడుపుల పురుగులు దీసి ముంగట వెట్టిండు. గిసుంటోడు మన పిల్లకాడ ఏం దాస్తడు?"

నర్సయ్య నోటికి అడ్డం పెట్టుకున్న కండువా తీసి భుజాన వేసుకున్నాడు. మల్లయ్య ఏదో అనబోయి అవ్వ మొహం చూసి మానుకున్నాడు. అవ్వ గడప వైపు తిరిగింది.

"ఓ బిడ్డా, పొద్దటి సంది యాలకుల వాసన వెట్టి సంపుతున్నవు. పాయసమేది?"

అమ్మ కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. అది సేమియా గదా అవ్వా, ఎట్ల తాగుతరు అంది. "పురుగులు వాని కత్తి కింద ఉన్నయి, సేమియా నీ గిన్నెల ఉన్నది. పొయ్యి" అని అవ్వ గ్లాసు అందుకొని ముందు తాను తాగింది. తరువాత నర్సయ్య తాగాడు. మల్లయ్య వంతు వచ్చింది. మాట కుదిరిన చోట నోరు తీపి చేసుకోకపోతే ఎంత తప్పో ఆయనకు తెలుసు. కళ్లు గట్టిగా మూసుకొని, ముక్కు పట్టుకొని, ఒక్క గుక్కలో మింగి, చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. ఆ మనిషి చేసిన త్యాగానికి నేను ఈ రోజుకూ రుణపడి ఉన్నాను.

నాకు అవ్వ కాళ్ల మీద పడాలనిపించింది. ఇంత మంచి మనిషి దగ్గర ఇంకే దాపరికమూ ఉండకూడదని కూడా అనిపించింది. "అవ్వా, కొట్టంల ఉన్న ఎడ్లు గూడ..." అని మొదలుపెట్టాను. అమ్మ ఉరికి వచ్చి నిండు గ్లాసు నా నోటికి అడ్డం పెట్టింది. గ్లాసు ఖాళీ అయ్యే దాకా తీయలేదు. నాయిన దగ్గుతూ కొట్టం వైపు పోయాడు.

తెల్లవారగానే పశువుల దవాఖానకు పోయి డాక్టరు ముందు నిజం చెప్పుకున్నాను. ఆయన నవ్వలేదు. పురుగులు లేని షెడ్డు చూపించమంటే తానూ చూపించలేనని, ఉన్నాయని తెలుసుకున్నవాడే మందు వేస్తాడని చెప్పి మందిచ్చాడు. పొట్టంతా ఎత్తి పోశాను, రేకు మార్చాను, తలుపు మీది సున్నం గీకేశాను. కోళ్లు మళ్లీ తూగాయి. యాదమ్మ ఇంటికి వచ్చాక అమ్మ కోడికి షెడ్డు ప్రవేశం శాశ్వతంగా ఆగిపోయింది. నా మాట వినని అమ్మ కోడలి మాట ఎలా విన్నదో నాకు తెలియదు. పొద్దున లేవగానే పొట్టు తిరగవేసే పని యాదమ్మది. ఆ షెడ్డు నిలబడింది, దాని మీద మా పిల్లల చదువులు నిలబడ్డాయి అంటే అదంతా ఆమె చేతి చలవ. ఈ మాట ఆమె ముందు చెబితే పని పెంచుతుందని ఇక్కడ రాస్తున్నాను.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు కొట్టం ఊడుస్తూ ఎడ్లు ఏవని అడిగింది. చేసేది లేక అంతా చెప్పేశాను. ఆమె చీపురు పక్కన పెట్టి చాలాసేపు నవ్వింది.

"అవ్వకు గప్పుడే ఎర్కనే" అంది.

మా ఇంటి నుంచి వెళ్లిన రోజు, బస్సులో నర్సయ్య ఇంకా తటపటాయిస్తూ ఉంటే అవ్వ అన్నదట. "ఎడ్లు వాళ్లయి గావురా. పక్కింటోళ్లయి. పురుగులు మాత్రం వాళ్లయే. పిల్లనియ్యి."

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. మా ఇంట్లో సేమియా వండినప్పుడల్లా మొదటి గ్లాసు ఆమె పేరు చెప్పి పక్కన పెడతాము. కాసేపాగి ఆ గ్లాసు నేనే తాగుతాను. ఆమె ఆ రోజు ఆ గ్లాసు అందుకోకపోతే నేనేమై ఉండేవాణ్నో తలచుకుంటే ఇప్పటికీ కళ్లు తడుస్తాయి.

కనుక సమస్త తెల్లకోళ్ల సాక్షిగా, మల్లయ్య కాక కడుపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. భోంచేసి కూర్చున్న చుట్టాల ముందు ఇక ఏ కోడి కడుపూ చీల్చను. అడిగినా చీల్చను, బతిమాలినా చీల్చను, తలుపుల మీద ఏమీ రాయను. భూతద్దం నా దగ్గర లేదు. యాదమ్మ దాన్ని బియ్యం డబ్బాలో ఎక్కడో దాచిపెట్టి, ఇంటికి చుట్టాలు వస్తున్నారంటే ఇంకా ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకొని మరీ పొయ్యి వెలిగిస్తుంది.